మెడ వంగిన పెద్దవాళ్లకు ఓపీజీ: ముందుపళ్ల మీద తెల్లమబ్బు రాకుండా ఎట్లా నిలబెట్టాలి?

ఒంగోలు_ఎక్స్‌రే:

అందరికీ నమస్తే. నిలబెట్టి తీసే డిజిటల్ ఓపీజీ (రెండు దవడలూ, పళ్లన్నీ ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే) మెషిన్ మీద పని నాది. ఒక చుట్టుకు 14 సెకన్లు, పెద్దవాళ్లకు 70 కేవీ (కిరణం బలం) దగ్గర పెడుతున్నాం. వయసులో ఉన్నవాళ్లకు బొమ్మ బాగానే వస్తోంది. కనిగిరి, పామూరు, పొదిలి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల దగ్గరే చిక్కంతా. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగి మెడ, నడుము బిగుసుకుపోయి ఉంటాయి. తల ఎత్తమంటే ఒళ్లంతా వెనక్కి వాలుతుంది గానీ మెడ లేవదు. వాళ్ల ఓపీజీల్లో కింది ముందుపళ్లను తెల్లటి మబ్బు కప్పేస్తోంది, వేర్లు కనపడవు. డాక్టరుగారు మళ్లీ తియ్యమంటారు. మళ్లీ తీసినా అదే మబ్బు.

ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. ఆడవాళ్లు తాళి తియ్యడానికి ఒప్పుకోరు, బలవంతం చెయ్యబుద్ధి కాదు. తియ్యకుండా ఏదైనా దారి ఉందా? రెండోది, పై దవడపళ్లకు చిన్న ఎక్స్‌రే (రెండు మూడు పళ్లకే తీసేది) తీసేటప్పుడు సెన్సర్ (బొమ్మ పట్టే పలక) నోటి లోపల పెట్టగానే వాంతి వచ్చినట్టు ఓకరిస్తారు. అప్పటికే రెండు మూడుసార్లు పెట్టి తీసి ఉంటాం, రోగికి భయం పట్టుకుంటుంది. అనుభవమున్నవాళ్లు వరసగా చెప్తే మేలు.


నెల్లూరు_ఓరల్‌రేడియాలజీ:

ముందు ఆ తెలుపు ఏందో తేల్చుకోండి. ఓపీజీ మధ్యలో వచ్చే తెలుపు రెండు రకాలు, రెండింటికీ మందు వేరు.

ఒకటి మెడ పూసల నీడ. పైన సన్నగా, కింద వెడల్పుగా గోపురం మాదిరి ఉంటుంది. దాని అంచు ఇదీ అని వేలు పెట్టి చూపించలేం. కింద పళ్లు మసకగానైనా ఆనవాలు పట్టొచ్చు. రెండోది సీసపు ఏప్రాన్ (కిరణం పడకుండా ఒంటి మీద కప్పేది) నీడ. సున్నం కొట్టినంత తెల్లగా, కత్తితో కోసినట్టు అంచుతో, బొమ్మ కింది భాగంలో మధ్యన త్రికోణంలా లేస్తుంది. దాని చాటున ఏ వివరమూ మిగలదు. రెండోదైతే మెడను తిట్టుకోవాల్సిన పని లేదు. ఏప్రాన్ వెనకవైపు మెడ మీదికి ఎక్కింది, లేకపోతే థైరాయిడ్ కాలర్ (మెడ చుట్టూ కట్టే సీసపు పట్టీ) కట్టి ఉంచారు. ఓపీజీకి కాలర్ కట్టకూడదు. భుజాల మీద పరిచే రకం ఏప్రాన్ వేసి, వెనక మెడ మొదలు బయటికి కనపడేటట్టు కిందికి లాగాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది మొదటి రకమే. కారణం చెప్తా. ఓపీజీలో ట్యూబు (కిరణం పుట్టే భాగం) మనిషి వెనక తిరుగుతుంది, సెన్సర్ ముఖం ముందు తిరుగుతుంది. ముందుపళ్లు పడే క్షణంలో కిరణం మెడ వెనక నుంచి దూరి, పూసలను దాటుకుని ముందుకొస్తుంది. కిరణం కూడా కొంచెం కింది నుంచి పైకి ఏటవాలుగా పోతుంది. మెషిన్ తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు గనక, అక్కడికొచ్చేసరికి కిరణం బలం పెరిగేటట్టు చాలా మెషిన్లలో ఏర్పాటు ఉంటుంది. మెడ నిటారుగా సాగి ఉంటే ఆ పెంపు సరిపోతుంది. మెడ ముందుకు కుంగిందంటే పూసలు ఒకదాని మీద ఒకటి నొక్కుకుని కిరణానికి అడ్డంగా ఎక్కువ ఎముక వస్తుంది. అప్పుడు ఆ పెంపు చాలదు, నీడ మిగిలిపోతుంది.

అందుకే మామూలు మెడ ఉన్నవాళ్లకు నేను పట్టుబట్టేది ఒక్కదాని మీదే: మెషిన్‌ను మనిషి ఎత్తుకు సరిగ్గా పెట్టబాకండి, రెండు మూడు సెంటీమీటర్లు పైకి పెట్టండి. బైట్ బ్లాక్ (పళ్లతో కొరికి పట్టుకునే ముక్క) అందుకోవడానికి వాళ్లే మెడ సాగదీస్తారు. మనం కిందికి పెట్టామంటే వాళ్లు వంగి అందుకుంటారు, అక్కడే బొమ్మ చెడిపోతుంది. పిడులు రెండూ పట్టుకున్నాక పాదాలు అరడుగు ముందుకు వెయ్యమనండి. ఒళ్లు కొంచెం వెనక్కి వాలి, ఉట్టి తాడు పట్టుకుని వేలాడినట్టు ఉంటుంది, మెడ దానంతట అదే నిలబడుతుంది. "నిటారుగా నిలబడండి" అన్న మాట ఎవరికీ ఎక్కదు. "నడినెత్తికి తాడు కట్టి పైకి లాగుతున్నామనుకోండి" అంటే వెంటనే తెలుస్తుంది.

తర్వాత నోరు. పైపళ్లు, కిందిపళ్లు రెండింటి అంచులూ బైట్ బ్లాక్ గాడిలోనే పడాలి. చాలామంది పైపళ్లు గాడిలో పెట్టి కింది దవడ వెనకే ఉంచేస్తారు. "కింది దవడ ముందుకు తెచ్చి కొరకండి" అని చెప్పి, పెదవి పక్కకు లాగి కంటితో చూసుకోవాలి. ముందుపళ్లు లేకపోతే గాడిలో దూది చుట్ట పెట్టి చిగుళ్లతో పట్టించాలి. అసలు పళ్లే లేనివాళ్లకు బైట్ బ్లాక్ తీసేసి గడ్డం ఆనించే పీట వాడాలి, రెండు దవడలూ అంటుకోకుండా మధ్యలో దూది చుట్టలు పెట్టాలి.

లేజర్ గీతలు మూడు. నిలువు గీత ముక్కు మధ్య నుంచి గడ్డం మధ్య దాకా పడాలి. అడ్డ గీత కంటి గుంట కింది అంచు నుంచి చెవి రంధ్రం పై అంచు దాకా, నేలకు సమాంతరంగా ఉండాలి. మూడోది కోరపన్ను దగ్గర. అది సరిగ్గా ఏ పన్ను మీద పడాలన్నది మెషిన్‌ను బట్టి మారుతుంది, మీ మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది, దాన్ని గోడకు అంటించుకోండి.

ఆఖరిది నాలుక, దీన్ని అందరూ మర్చిపోతారు. నాలుక కింద పడుకుని ఉంటే నాలుకకూ అంగిలికీ మధ్య గాలి నిలిచి, పైపళ్ల వేర్ల మీద నల్లటి పట్టీ గీసినట్టు పడుతుంది. "నాలుక పైకి ఆనించండి" అంటే కొసను మాత్రమే ఆనిస్తారు. "ఎంగిలి మింగండి, మింగినాక నాలుక ఎక్కడుందో అక్కడే అతికించి ఉంచండి, పెదాలు మూసుకోండి" అనండి. అర్థం కాకపోతే లొట్ట వేసి చూపించండి. లొట్ట వేసే ముందు నాలుక ఎట్లా అతుక్కుంటుందో అట్లా ఉంచమంటే ఏ వయసువాళ్లకైనా తెలుస్తుంది. సుమారు పదిహేను సెకన్లు మెల్లగా ముక్కుతో ఊపిరి తీసుకుంటూ ఉండాలి.

ఇక అసలు మీ ప్రశ్న, బిగుసుకుపోయిన మెడలు. ఫ్లోరోసిస్ ఎముకలకు పట్టినప్పుడు ఎముక చిక్కబడటమే కాదు, ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు కూడా సున్నం పట్టి ఎముకల్లా అయిపోతాయి. లోపల వెన్నుపాము పోయే దారి ఇరుకై ఉండొచ్చు. అట్లాంటి మెడను చేత్తో పట్టి వెనక్కి వంచబాకండి. పళ్ల ఎక్స్‌రే కోసం వెన్నుపామును ప్రమాదంలో పెట్టే పని ఎవరూ చెయ్యకూడదు. నిలబెట్టే ముందే అడగండి: చేతులు, కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయా, నడిస్తే తూలుతోందా, తల తిప్పితే చేతిలోకి జివ్వుమంటోందా? అవునంటే ముందు డాక్టరుగారికి చెప్పి, ఆ తర్వాతే మెషిన్ దగ్గరికి తీసుకెళ్లండి.

వాళ్లకు వరస ఇది. స్టూలు మీద కూర్చోబెట్టండి. కూర్చుంటే తుంటి, మోకాళ్ల దగ్గర వంగి ఉంటారు గనక నడుమును కొంచెం వెనక్కి వాల్చుకోవడం కుదురుతుంది. మెడ వంగకపోయినా మొత్తం మొండెం వెనక్కి వాలితే తల సమానానికి వస్తుంది. స్టూలుకు వీపు ఆనే చెక్క ఉండకూడదు, మెషిన్ చెయ్యి తిరిగేటప్పుడు తగులుతుంది. ఎక్స్‌రే పడకుండా ఉత్తగా తిప్పి చూసే బటన్ మెషిన్‌లో ఉంటుంది. భుజం గూని ఉన్నవాళ్లకు అది ఒకసారి తప్పకుండా వాడండి. భుజానికి తగులుతుంటే కుడి చేత్తో ఎడమ పిడి, ఎడమ చేత్తో కుడి పిడి పట్టించండి, భుజాలు కిందికి, ముందుకు దిగుతాయి.

ఇంత చేసినా నీడ వస్తే రెండోసారి తియ్యబాకండి. మెడ మారలేదు, బొమ్మ ఎందుకు మారుతుంది? ఆ ఓపీజీలో దవడపళ్లు, దవడ ఎముక, కీళ్లు బాగానే ఉంటాయి. కనపడనిది కింది ముందుపళ్లు నాలుగో ఆరో. వాటికి ఒకటి రెండు చిన్న ఎక్స్‌రేలు తీసి ఓపీజీకి జతచెయ్యండి. ఓపీజీ మోతాదు సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి పడే కిరణం కొలత), చిన్న ఎక్స్‌రేది దానిలో కొద్ది భాగమే. రోగికి తక్కువ కిరణం, డాక్టరుగారికి మేలైన బొమ్మ. డాక్టరుగారికి ముందే ఈ సంగతి చెప్పి ఒప్పించుకోండి, "మళ్లీ తియ్యి" అన్న మాట అక్కడే ఆగుతుంది.


కావలి_డెంటల్‌నర్సు:

తాళి సంగతి నేను చెప్తా, ఇది మర్యాదతో అయ్యే పని.

"నగలన్నీ తియ్యండి" అని కౌంటర్ దగ్గర నలుగురి ముందు అరవకూడదు. లోపలికి పిలిచాక, మగవాళ్లు లేని చోట నెమ్మదిగా చెప్పాలి. అమ్మా, బంగారం మీద కిరణం పడితే దాని నీడ మీ పళ్ల మీద పడుతుంది, పురుగు పట్టిందో లేదో కనపడదు, మళ్లీ తియ్యాల్సొస్తుంది, అని కారణం చెప్తే చాలామంది వింటారు. అయినా తాళి తియ్యనంటే ఆ నమ్మకాన్ని కాదనబాకండి. గదిలో ఒక డబ్బాలో పసుపు తాళ్లు, పసుపు కొమ్ములు పెట్టుకోండి. ముందు పసుపు కొమ్ము కట్టిన తాడు మెడలో వేసుకుని, ఆ తర్వాత గొలుసు తీస్తారు. మెడ బోసిపోలేదు గనక వాళ్ల మనసుకు ఇబ్బంది ఉండదు. నూలు తాడు, పసుపు కొమ్ము ఎక్స్‌రేకి అడ్డం రావు.

గొలుసును ముందుకు లాగి జాకెట్‌లో దోపితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. చిన్న ఎక్స్‌రేకైతే సరిపోతుంది. ఓపీజీకి సరిపోదు. ముందు ఎంత కిందికి దించినా, మెడ వెనక గొలుసు ఉండనే ఉంటుంది, కిరణం వచ్చేది సరిగ్గా అక్కడి నుంచే. నల్లపూసలదీ ఇదే కథ. పూసలు గాజువైనా గుచ్చింది బంగారు తీగతో.

చెవులవి మరీ ముఖ్యం. ఓపీజీలో కమ్మ రెండుచోట్ల పడుతుంది. ఉన్నచోట స్పష్టంగా ఒకటి, ఎదుటివైపు దానికన్నా పైన, పెద్దదిగా, మసకగా ఇంకొకటి. కుడి కమ్మ దొంగనీడ పోయి ఎడమ పై దవడపళ్ల దగ్గర కూర్చుంటుంది. అక్కడ ఏదో ఉందని భ్రమపడేందుకు అది చాలు. కమ్మలు, జూకాలు, చెవి పైభాగంలో పెట్టే పోగులు, మాటీలు అన్నీ తీయించాలి. జడలో పిన్నులు, సవరం లోపలి తీగ, పూలు గుచ్చిన ఇనప పిన్ను చేత్తో తడిమి చూడాలి. పూలు అడ్డం రావు, పిన్నే వస్తుంది. కొప్పు ఎత్తుగా ఉంటే విప్పి రెండు పాయలుగా ముందుకు వేయించండి, లేకపోతే తల పట్టే కొమ్ములు సరిగ్గా బిగవవు.

ముక్కుపుడక దగ్గర ఓపిక కావాలి. ఏళ్ల తరబడి తియ్యని మరపుడక గట్టిగా పట్టుకుని ఉంటుంది. కొబ్బరి నూనె రెండు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగి, వాళ్ల చేతనే తిప్పించాలి. మనం పట్టి లాగితే రక్తం వస్తుంది. అసలు రాకపోతే వదిలేసి, "ముక్కుపుడక ఉంది" అని ఎక్స్‌రే చీటీ మీద రాయండి. చిన్న ఎక్స్‌రేలో అది అడ్డమొచ్చేది పై ముందుపళ్లకు మాత్రమే. కింది పళ్లకు, దవడపళ్లకు తియ్యాల్సిన పని లేదు, ఉత్తపుణ్యానికి తీయించి బాధపెట్టొద్దు.

కళ్లద్దాలు, చెవిటి మిషను, కట్టుడుపళ్లు, తీసి పెట్టుకునే క్లిప్పు కూడా తీయించాలి. వినపడనివాళ్లకు మిషను తీసేముందే అన్నీ చెప్పేసి, చేత్తో సైగలు కూడా ఒప్పందం చేసుకోండి. తీసిన ప్రతి వస్తువునూ మూత ఉన్న గిన్నెలో వేసి, లెక్కపెట్టి, వెంట వచ్చినవాళ్ల చేతికే ఇవ్వాలి. మన బల్ల మీద, మన జేబులో పెట్టుకోకూడదు.


పెన్నాతీరం_దంతవైద్యం:

ఓకరింపు గురించి. సగం ఓకరింపు మనం సెన్సర్‌ను అంగిలి మీద రాస్తూ లోపలికి తోయడం వల్ల వస్తుంది. మెత్తటి అంగిలిని ఏదైనా నెమ్మదిగా రాస్తే ఎవరికైనా వికారమే. నోట్లో పెట్టేది ఒకేసారి, తిన్నగా లోపలికి తీసుకెళ్లి, అక్కడ పైకి లేపి ఆనించాలి. జంకుతూ పెట్టకూడదు.

నోట్లో పెట్టాక ఆలస్యం చెయ్యడం రెండో కారణం. సమయం సెట్ చెయ్యడం, కోన్ (కిరణం బయటికి వచ్చే గొట్టం) సుమారుగా చెంప దగ్గరికి తెచ్చుకోవడం, కంప్యూటర్లో ఆ పన్ను నంబరు తెరిచి ఉంచడం ఇవన్నీ ముందే అయిపోవాలి. సెన్సర్ పెట్టినప్పటి నుంచి బటన్ నొక్కేదాకా పది సెకన్లు దాటకుండా చూసుకోండి. చాలా పళ్లకు తియ్యాలంటే ముందుపళ్లతో మొదలుపెట్టి, పై ఆఖరి దవడపన్ను చివరికి ఉంచండి. ఒకసారి ఓకరింపు మొదలైతే తర్వాత తేలికైన చోట కూడా నిలవదు.

"వాంతొస్తుందేమో, చెప్పండి" అని మాత్రం అనొద్దు, అన్నామంటే వచ్చేస్తుంది. ముక్కుతో గట్టిగా ఊపిరి తీసుకోమనండి, ఒక కాలు నేల నుంచి జానెడు ఎత్తి పట్టుకోమనండి. మనసు కాలి మీదికి పోతుంది. చల్లటి నీళ్లు పుక్కిలించడం, నాలుక కొస మీద చిటికెడు ఉప్పు కూడా చాలామందికి పనిచేస్తాయి, బీపీ ఉన్నవాళ్లకైతే ఉప్పు ఉమ్మించండి. ఇవేవీ పనిచెయ్యకపోతే డాక్టరు చేత్తో 10 శాతం లిగ్నోకెయిన్ (తిమ్మిరెక్కించే మందు) స్ప్రే ఉంది. ఒక నొక్కుకు 10 మిల్లీగ్రాముల మందు వస్తుంది. గొంతులోకి నేరుగా కొట్టకుండా దూది మీద కొట్టి అంగిలికి రాయడం మేలు. మందు పడదన్న చరిత్ర ఉందేమో ముందే అడగాలి. తిమ్మిరి పోయేదాకా, కనీసం ఒక గంట, ఏమీ తినొద్దని చెప్పి పంపాలి, లేకపోతే పొలమారుతుంది.

ఇప్పుడు కూర్చోబెట్టడం. పైపళ్లకు ముక్కు రెక్క నుంచి చెవి ముందున్న బొడిపె దాకా గీసిన ఊహాగీత నేలకు సమాంతరంగా ఉండాలి. కిందిపళ్లకు నోరు తెరిచాక నోటి మూల నుంచి ఆ బొడిపె దాకా ఉన్న గీత సమాంతరం కావాలి, అంటే తల కొంచెం వెనక్కి వాలాలి. రెండింటికీ ఒకే వాలు పెట్టి తియ్యడం మన దగ్గర సర్వసాధారణం, కిందిపళ్ల వేరు కొసలు తెగిపోయేది అందుకే.

హోల్డర్ (సెన్సర్‌నో ఫిల్మ్‌నో నోట్లో పట్టి ఉంచే సాధనం) వాడండి. రింగు ఉన్న హోల్డర్లలో నీలం ముందుపళ్లకు, పసుపు దవడపళ్లకు, ఎరుపు బైట్‌వింగ్‌కు (కొరికి పట్టి, పైపళ్లు కిందిపళ్ల చిగురు బయటి భాగాలు కలిపి తీసే ఎక్స్‌రే). రోగి వేలితో ఫిల్మ్ పట్టించే అలవాటు మానుకోవాలి. వేలికి అనవసరంగా కిరణం పడుతుంది, ఫిల్మ్ వంగుతుంది, వంగితే వేరు సాగినట్టు పడుతుంది. హోల్డర్‌తో తీసేటప్పుడు సెన్సర్‌ను పంటికి అతికించాలని చూడొద్దు. అంగిలి నడుమ, ఎత్తుగా ఉన్నచోటికి తీసుకెళ్తేనే అది పంటికి సమాంతరంగా నిలబడుతుంది. పంటికి దగ్గరగా నెడితే అంగిలి వంపుకు తగిలి వాలిపోతుంది, గుచ్చుకుంటుంది, ఓకరింపు కూడా అక్కడే మొదలవుతుంది. కిందిపళ్లకు సెన్సర్‌ను నాలుకకూ పళ్లకూ మధ్య కొంచెం వాలుగా దించి, "మెల్లగా కొరకండి" అంటుండగా నిలబెట్టాలి. నోరు మూసుకునేకొద్దీ నోటి అడుగు కండరం వదులవుతుంది, సెన్సర్ కిందికి దిగుతుంది. నోరు బార్లా తెరిపించి దించితే ఆ కండరం బిగుసుకుని ఉంటుంది, అంచు కోస్తుంది.

హోల్డర్ పట్టని నోటికి, పన్నుకూ ఫిల్మ్‌కూ మధ్య కోణాన్ని సగం చేసి తీసే పద్ధతిలో కోన్ వాలు ఇట్లా ఉండాలి: పై ముందుపళ్లకు +40 డిగ్రీలు, కోరపన్నుకు +45, చిన్న దవడపళ్లకు +30, పెద్ద దవడపళ్లకు +20. కింద ముందుపళ్లకు −15, కోరపన్నుకు −20, చిన్న దవడపళ్లకు −10, పెద్దవాటికి −5. ఇవి తల సరిగ్గా ఉన్నప్పటి లెక్కలు, తల వాలితే అంకెలన్నీ తప్పుతాయి. పన్ను సాగి పొడుగ్గా పడితే వాలు తక్కువైంది. పొట్టిగా గిడసబారినట్టు పడితే వాలు ఎక్కువైంది. పక్కపళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే అడ్డకోణం తప్పింది, కోన్ ఆ రెండు పళ్ల సందులోకి తిన్నగా చూడాలి. ఒక మూల వంపుగా ఏమీ పడకుండా ఖాళీ ఉంటే కోన్ పక్కకు జరిగింది.

గుట్కా, ఖైనీ వల్ల నోరు తెరుచుకోనివాళ్లకు మాత్రం సెన్సర్‌తో కుస్తీ వద్దు. సెన్సర్ మందం, పైగా బిరుసు. పలచటి ఫిల్మ్ గానీ ఫాస్ఫర్ ప్లేటు (ఫిల్మ్‌లాగే పలచగా ఉండి, తీశాక స్కాన్ చేసేది) గానీ చిన్న సైజుది, ఆర్టరీ ఫోర్సెప్స్‌తో (బిగిసి పట్టే పట్టకారు) పట్టి పెట్టొచ్చు. రెండు వేళ్లు కూడా పట్టకపోతే ఓపీజీనే దారి.


పొదిలి_ఫిల్మ్:

సెన్సర్ లేని క్లినిక్కుల కోసం ఒక్క మాట. మన వైపు ఎండాకాలంలో ఫిల్మ్ నల్లగా వస్తే ఎక్స్‌పోజర్ ఎక్కువైందని సమయం తగ్గిస్తారు. తప్పు అక్కడ ఉండదు, డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు నీళ్లు) వేడెక్కి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచాల్సిన ఫిల్మ్‌ను దాదాపు 27 డిగ్రీల దగ్గర రెండున్నర నిమిషాలకే తియ్యాలి. అంతకన్నా వేడెక్కితే సమయంతో సర్దలేం, బొమ్మంతా పొగచూరినట్టు అవుతుంది. డెవలపర్ గిన్నెను ఐసు నీళ్ల తొట్లో కూర్చోబెట్టండి, ఐసు మాత్రం డెవలపర్‌లో వెయ్యొద్దు, పలచనవుతుంది. అర్ధరూపాయి ఖర్చు లేని ఈ పనికి పది ఫిల్ములు మిగులుతాయి. ఫిల్మ్ లేతగా వచ్చి, దాని మీద టైరు అచ్చులాంటి గీతలుంటే కవరు తిరగేసి పెట్టారు, వెనకున్న సీసపు రేకు అచ్చు అది. చుక్క ఉబ్బెత్తు కోన్ వైపు, పంటి అంచు వైపు ఉండాలి.


ఒంగోలు_ఎక్స్‌రే:

చాలా సాయం చేశారు అందరూ. స్టూలు సంగతి, పసుపు తాడు సంగతి రేపటి నుంచే మొదలుపెడతాం. ఏప్రాన్ గురించి ఒకటి అడగాలి. అమెరికాలో పళ్ల ఎక్స్‌రేకు ఏప్రాన్ అక్కర్లేదన్నారని విన్నాం. మరి మనం మానెయ్యొచ్చా? గర్భిణులకు, చిన్నపిల్లలకు ఏం చెయ్యాలి? తల వణికే పెద్దవాళ్లకు ఓపీజీ ఎట్లా తియ్యాలి?


నెల్లూరు_ఓరల్‌రేడియాలజీ:

విన్నది నిజమే. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024 ఫిబ్రవరిలో ఏప్రాన్, థైరాయిడ్ కాలర్ మామూలుగా వాడాల్సిన అవసరం లేదని సూచన ఇచ్చింది. కిరణం సన్నగా, పంటి మేరకే పడేటట్టు కట్టడి చేస్తే పొట్టకు చేరేది లెక్కలోకి రానంత తక్కువ. ఆ వచ్చే కాస్తా ఒంటి లోపలే చెదిరి వచ్చేది, దాన్ని పైన కప్పిన సీసం ఆపలేదు. అడ్డమొచ్చిన కాలర్ వల్ల రెండోసారి తియ్యాల్సి రావడమే పెద్ద నష్టం. అయితే ఆ సూచన వెనక ఒక షరతు ఉంది: దీర్ఘచతురస్రపు కోన్, డిజిటల్ సెన్సర్, హోల్డర్. మన దగ్గర గుండ్రటి కోన్, చేత్తో పట్టించే ఫిల్మ్ ఇంకా నడుస్తున్నాయి. పై ముందుపళ్లకు +40 వాలులో తీస్తే కిరణం నేరుగా ఛాతీ వైపు దిగుతుంది. అది మారేదాకా చిన్న ఎక్స్‌రేకు ఏప్రాన్ ఉంచండి. కోన్‌కు దీర్ఘచతురస్రపు మూతి తగిలిస్తే మోతాదు సగానికి పైగా తగ్గుతుంది, నన్నడిగితే ముందు డబ్బు పెట్టాల్సింది దానికి.


కావలి_డెంటల్‌నర్సు:

ఇక్కడ డాక్టరుగారితో కొంచెం తేడా నాకు. కోన్ మార్చినా ఏప్రాన్ ఉంచాలనే నేనంటా. అడిగినవాళ్లకు వెయ్యకపోతే వాళ్లకు బెదురు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్లకు. బెదురుతో కూర్చున్న మనిషి కదులుతుంది, కదిలితే బొమ్మ చెడుతుంది. ఏప్రాన్‌ను మడతపెట్టి మూలన పడెయ్యకుండా కొక్కేనికి వేలాడదీయండి. మడతల దగ్గర లోపలి సీసం పగులుతుంది, పైకి గుడ్డ బాగానే కనపడుతుంది.

పెళ్లైన ఆడవాళ్లను, అత్తగారి ముందు కాకుండా, పక్కకు పిలిచి "నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడగాలి. కడుపుతో ఉన్నా పన్ను నొప్పి, చీము, వాపు ఉంటే డాక్టరు చెప్పిన ఒక్క ఎక్స్‌రే తియ్యొచ్చు, ఆ చీమును వదిలెయ్యడమే తల్లికీ బిడ్డకూ ముప్పు. ఆగగలిగినవి కాన్పు తర్వాతకు ఉంచితే సరి.

పిల్లలకు సైజు 0 ఫిల్మ్, 22 గుణించి 35 మిల్లీమీటర్లది. సెన్సర్‌ను ముందు వాళ్ల చేతికిచ్చి చూడనివ్వండి. పట్టుకోవాల్సి వస్తే తల్లిదండ్రుల్లో ఒకరు ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్లు పట్టుకోకూడదు. మనం అసలు పట్టుకోకూడదు, ఈ రోజు ఒకరికి పడితే ఏడాదికి ఎంతమందికి పట్టాల్సొస్తుందో లెక్కేసుకోండి. మనం ఆరడుగుల అవతల, కిరణం పోయే దారికి పక్కగా గానీ ట్యూబు వెనక ఏటవాలుగా గానీ నిలబడాలి. పనిచేసేవాళ్లకు ఏఈఆర్‌బీ (దేశంలో కిరణాల భద్రత చూసే బోర్డు) పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. టీఎల్‌డీ బ్యాడ్జ్ (ఒంటికి ఎంత కిరణం పడిందో కొలిచేది) ఉంటే ఏప్రాన్ లోపల ఛాతీ మీద పెట్టుకోండి.


నెల్లూరు_ఓరల్‌రేడియాలజీ:

కోన్ మారాక కూడా అడిగినవాళ్లకు చిన్న ఎక్స్‌రేకు ఏప్రాన్ వేయడానికి నాకు అభ్యంతరం లేదు మేడమ్. ఓపీజీకి కాలర్ వద్దన్నంతవరకే నా పట్టు.

తల వణికేవాళ్ల గురించి. చిన్న ఎక్స్‌రే సెకనులో పదో వంతు, ఐదో వంతులో అయిపోతుంది, ఓపీజీకి 14 సెకన్లు నిలవాలి. ఓపీజీలో కదిలితే బొమ్మంతా చెడదు, కదిలిన క్షణంలో తీస్తున్న భాగమే చెడుతుంది. కింది దవడ అంచు అక్కడ మెట్టులాగానో అలలాగానో లేస్తుంది, ఎముక విరిగిందేమో అనిపిస్తుంది. అదే నిలువుగీతలో పైపళ్లు కూడా చెదిరి ఉంటే అది కదలిక. కింది ఎముక ఒక్కటే మెట్టు కట్టి, పైన అంతా శుభ్రంగా ఉంటే ఎముక విరిగిందని అనుమానించి చేత్తో తడిమి చూడాలి. వణుకు బాగా ఉన్నవాళ్లకు ఓపీజీ మొదలే పెట్టొద్దు, నొప్పి ఉన్న పళ్లకు హోల్డర్‌తో చిన్న ఎక్స్‌రేలు తియ్యండి. కొద్దిగా వణికేవాళ్లను కూర్చోబెట్టి, తల పట్టే కొమ్ములు బిగించి, ఉత్త తిప్పుడు ఒకసారి చూపించండి. మెషిన్ చెయ్యి చెవి పక్కగా తిరిగేటప్పుడు చాలామంది దాన్ని కళ్లతో వెంబడిస్తారు, తల కూడా దాంతోపాటు తిరుగుతుంది. కళ్లు మూసుకోమనండి.